పెద్ద సిస్టరమ్మకు రాని ఏడుపు

ఆ ఆసుపత్రిలో ఎవరికైనా ఆఖరి ఘడియలు దగ్గరపడ్డాయంటే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది డాక్టరు గురించి కాదు. "పెద్ద సిస్టరమ్మ ఇవాళ డ్యూటీలో ఉందా?" అని అడిగేవాళ్లు. ఉందంటే సగం ప్రాణం కుదుటపడేది.

ఆవిడ చప్పుడు చెయ్యని తెల్లబూట్లతో వచ్చేది. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని, పోయే మనిషి చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకునేది. గొంతు పెంచకుండా, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు ప్రభువుతో మాట్లాడేది. ఈ మనిషి నడిచి నడిచి అలిసిపోయాడు, తలుపు తియ్యి తండ్రీ అనేది. వింటున్నవాళ్లు ముక్కులు చీదుకునేవాళ్లు. నేల తుడిచే ఆయా కర్ర పక్కన పెట్టి కొంగు నోట్లో కుక్కుకునేది. ఎంత మొండివాడైనా ఆ చేతుల మధ్య మెత్తబడి, ఈది గట్టు ఎక్కిన పిల్లాడిలా ఊపిరి వదిలేసేవాడు. అలా ఆవిడ చెయ్యి పట్టుకుని పోయినవాళ్లు మూడు వందలకు తక్కువుండరు.

ఏడవనిది ఆవిడొక్కతే. "ఏం విశ్వాసమమ్మా ఆవిడది! ఏం గుండె నిబ్బరం!" అనుకునేవాళ్లు జనం. అది నిబ్బరం కాదని ఆవిడకు తెలుసు. మూడు వందల మందికి తలుపు తీయించిన ఆవిడ, తను మాత్రం పందొమ్మిదేళ్లుగా ఆ తలుపు కొట్టలేదు. కొట్టాలని అనిపించడం కూడా మానేసింది.

అది ఎలా మొదలైందో చెప్పుకోవాలి.

అప్పుడు ఆవిడకు ముప్పై తొమ్మిదేళ్లు. పిల్లల వార్డులో హెడ్ సిస్టర్. ఆవిడ కింద ఒక చిన్న నర్సు ఉండేది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, పిడికెడంత మనిషి, ఒకచోట నిలవదు, నోరు మూయదు. వార్డంతా ఆ పిల్లని పిచ్చుక అనేవాళ్లు. "పిచ్చుకా, నువ్వు మాట్లాడేదానికి సెలైన్ బాటిల్ కూడా భయపడి తొందరగా కారిపోతోందే" అని పెద్ద సిస్టరమ్మ వేళాకోళం చేసేది. పిచ్చుకకు ఆవిడంటే ప్రాణం. సొంత అక్క లేదు కాబట్టి అక్కా అక్కా అంటూ వెనకాలే తిరిగేది.

ఇంజెక్షన్లు కలిపి ట్రేలో సిద్ధం చెయ్యడం పిచ్చుక పని. పొడి మందు సీసాలో నీళ్లు కలిపి సిరంజిలోకి లాగి, బెడ్ నంబర్ల వరసలో పేర్చిపెడితే, పెద్ద సిస్టరమ్మ వెళ్లి ఇచ్చేది. ఆ రోజు పొద్దున పదింటికి, మూడో బెడ్ మీది పిల్లాడు కక్కుకుంటే పిచ్చుక దుప్పటి మార్చడానికి పరిగెత్తింది. రౌండ్లకు డాక్టరు వచ్చే వేళైంది. పెద్ద సిస్టరమ్మ తనే గబగబా బల్ల దగ్గర నిలబడింది. ఏడో బెడ్ మీద ఆరేళ్ల పాప. జ్వరం తగ్గింది, ఎల్లుండి ఇంటికి పంపేస్తామన్నారు. ఆ పాప మందులో కలపడానికి ఆవిడ నీళ్ల సీసా తీసుకుని, మెడ విరిచి, లాగి, కలిపింది. వెళ్లి పాప చేతికున్న సూదిలోంచి ఎక్కించింది.

నిమిషం పట్టలేదు. పాప "అమ్మా, మండుతోంది" అంది. అంతే. డాక్టర్లు వచ్చారు, గుండె మీద నొక్కారు, ఏవేవో ఎక్కించారు. పాప తల్లి గోడకు ఆనుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. పదకొండు కాకముందే పాప మొహం మీద దుప్పటి కప్పేశారు.

పెద్ద సిస్టరమ్మ బల్ల దగ్గరికి వచ్చి చూసింది. విరిచిన సీసా నీళ్లది కాదు. పొటాషియం. రెండు సీసాలూ అదే సైజు, అదే తెలుపు, చీటీ మీది అక్షరాలే తేడా. సెలైన్ బాటిల్లో కలిపి చుక్క చుక్కగా ఎక్కించాల్సిన మందు అది. ఒక్కసారిగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఆ సంగతి ఆవిడే ఏటా కొత్త నర్సులకు పాఠంగా చెప్పేది.

ఆ క్షణంలో ఆవిడకు దురుద్దేశమేమీ లేదు. సాయంత్రం సూపరింటెండెంటుగారి గదిలో ముగ్గురు కూర్చుని పిలిపించినప్పుడు కూడా నిజం చెప్పాలనే లోపలికి అడుగుపెట్టింది.

"ఇంజెక్షన్ కలిపింది ఎవరు సిస్టర్?" అని అడిగారాయన.

నోరు తెరిచింది. వచ్చిన మాట ఇది: "కలిపే డ్యూటీ పిచ్చుకది సార్."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. డ్యూటీ పిచ్చుకదే. ఆ మాట అంటున్నప్పుడే, ఇది నిజంతో చేసిన అబద్ధమని ఆవిడకు తెలుసు. అయినా ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇంకో వాక్యం కావాలి. అది గొంతులోనే ఉండిపోయింది.

పిచ్చుకని పిలిచారు. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి ఉంది, కళ్లు కనిపించడం లేదు. "నేను కలిపినట్టు గుర్తు లేదు సార్... దుప్పటి మారుస్తున్నాను... కలిపానేమో... కలిపే ఉంటాను" అంది. ఒక్కసారి అక్క వైపు చూసింది. అక్క బల్ల మీదున్న కాగితం వైపు చూసింది.

పిచ్చుకని ఉద్యోగంలోంచి తీసేశారు. నర్సుల రిజిస్టరులోంచి పేరు కొట్టేశారు. వెళ్లే రోజు పెద్ద సిస్టరమ్మ దగ్గరికి వచ్చి, "అక్కా, నా వల్ల మీ వార్డుకు చెడ్డపేరొచ్చింది" అని కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. పెద్ద సిస్టరమ్మ ఆ పిల్ల తల నిమిరింది.

ఆ ఆదివారం చర్చికి ముందుగానే వెళ్లింది, పాస్టరు అయ్యగారికి జరిగింది చెప్పేయాలని. ఆయన మెట్ల మీదే ఎదురొచ్చారు. "తెలిసిందమ్మా. ఆ అమ్మాయి అజాగ్రత్తకి నువ్వెంత నలిగిపోతున్నావో! సంఘమంతా నీ కోసం ప్రార్థిస్తోంది" అన్నారు. ఆ పూట సంఘమంతా లేచి నిలబడి ఆవిడ కోసం ప్రార్థించారు కూడా. కక్కలేక మింగలేక తల వంచుకుని నిలబడింది. ప్రభువు బల్ల దగ్గర రొట్టెముక్క గొంతుకు అడ్డం పడింది. నీళ్లు తాగినా దిగలేదు.

వచ్చే నెల కాస్త కష్టం మీద దిగింది. మూడో నెలకి మామూలుగా దిగిపోయింది. ఆ దిగిపోవడమే తన జీవితంలో అన్నిటికంటే భయంకరమైన సంగతి అని ఆవిడకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదటి ఏడాది దెబ్బ కోసం కాచుకుంది. బస్సెక్కితే బోల్తా పడుతుందనుకుంది. రొమ్ములో చిన్న గడ్డ కనిపిస్తే, వచ్చేసింది అనుకుని ఒక రకంగా ఊపిరి పీల్చుకుంది. పరీక్ష చేస్తే ఏమీ కాదన్నారు. శిక్ష రాలేదు. దానికి బదులు ప్రమోషన్ వచ్చింది. పెద్దల వార్డులన్నిటికీ పెద్ద సిస్టర్‌ని చేశారు. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దని చేశారు. పోయేవాళ్ల పక్కన కూర్చోవడం అప్పుడే మొదలైంది. మొదట్లో అదొక పరిహారంలా అనిపించింది. తర్వాత అలవాటైంది. తర్వాత అందులో గొప్ప పనితనం వచ్చింది. ఎవరికి ఏ మాట చెప్పాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు చెయ్యి నొక్కాలో కొలతపెట్టినట్టు తెలిసిపోయేది.

ఆవిడ భర్త లెక్కల మాస్టారు. మాట తక్కువ, చెణుకు ఎక్కువ. వాళ్లకు పిల్లలు లేరు. ఒకరోజు భోజనం ముందు ఆవిడ ప్రార్థన ముగించగానే ఆయన కళ్లు తెరవకుండానే అన్నారు:

"నువ్వు దేవుడికి డ్యూటీ అప్పగిస్తున్నావా ఏమిటి?"

"అదేంటండీ?"

"ఫలానా బెడ్ ఇలా ఉంది, ఫలానా బెడ్ అలా ఉంది, సంతకం పెట్టి ఇంటికి పోతున్నా అన్నట్టుంది. మునుపు ఇలా చేసేదానివి కాదు. తప్పులతో చేసేదానివి. మధ్యలో ఆగిపోయేదానివి."

ఆవిడ నవ్వేసింది. ఆయన నవ్వలేదు. "నన్ను అడగొద్దంటే అడగను. కానీ ఏదో జరిగింది" అన్నారు. ఆవిడ లేచి పళ్లేలు తీసింది. ఆయన మళ్లీ అడగలేదు. పాప పోయిన పన్నెండో ఏట ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆవిడే చెయ్యి పట్టుకుంది, ఆవిడే ప్రార్థన చేసింది. ఆయన చివరి శ్వాసలో కూడా ఆవిడ మొహంలోకే చూశారు, జవాబు రాని లెక్కని చూసినట్టు. పోయారు. ఆవిడ నాడి చూసి, టైము చూసి, ఆయన కళ్లు మూసింది. ముప్పై ఏళ్లు కలిసి బతికిన మనిషి. ఒక్క కన్నీటి బొట్టు రాలేదు. సమాధి దగ్గర సంఘపెద్దలు ఆవిడని చూపించి, నిరీక్షణ అంటే, పైన మళ్లీ కలుస్తామన్న నమ్మకమంటే, ఇదీ అన్నారు. ఇంటికొచ్చి ఆయన కళ్లజోడు చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది, ఏడుపు రావాలని. ఉల్లిపాయ కోసినా వచ్చేది కాదేమో. ఆ రోజు మొదటిసారి భయం వేసింది, కానీ రెండు రోజులకు అది కూడా ఆరిపోయింది.

రిటైర్మెంట్ ఇంకో నాలుగు నెలలుందనగా వార్డులోకి ఒక ముసలి లారీ డ్రైవరు వచ్చాడు. కాలేయం పోయింది. మనిషి గడ్డిపోచలా ఉన్నా నోటికి మాత్రం బ్రేకుల్లేవు. పెద్ద సిస్టరమ్మ స్టూలు వేసుకుని కూర్చోగానే, "ఓహో, నాకూ టికెట్ కోశారన్నమాట!" అన్నాడు.

"భయంగా ఉందా తాతా?" అంది, ఎప్పుడూ అడిగే మాటే.

"చావంటేనా? ఛ. నలభై ఏళ్లు లారీ తోలాను. చావు రోజూ ఎదురొచ్చి హారన్ కొట్టి పోయేది. దానికన్నా అన్యాయమైనది ఇంకోటుంది సిస్టరమ్మా." కాసేపు దగ్గి, మళ్లీ మొదలెట్టాడు. "నాకో కొడుకుండేవాడు. పచ్చి అబద్ధాలకోరు. పట్టుకున్నప్పుడల్లా చితకబాదేవాణ్ణి. తర్వాత నేనూ ఏడ్చేవాణ్ణి. ఒకరోజు వాడు వాళ్లమ్మ మందులు అమ్ముకుని వచ్చాడు. నాకు తెలుసు. వాడి మొహంలోకి చూసి, అన్నం తిన్నావా అని అడిగి ఊరుకున్నాను. ఆ రోజు నుంచి మళ్లీ చెయ్యెత్తలేదు. నాన్న మంచోడైపోయాడని వాడు స్నేహితులకి చెప్పుకున్నాడట. పిచ్చి వెధవ! నేను వాడి మీద ఆశ వదిలేసుకున్నానని వాడికి తెలీలేదు."

పెద్ద సిస్టరమ్మ చేతుల మధ్య ఆయన చెయ్యి కదలకుండా ఉంది.

"దేవుడు కూడా నాతో అలా ఊరుకుంటాడేమోనన్నదే నా భయం. తిట్టినా పరవాలేదు, తన్నినా పరవాలేదు. అన్నం తిన్నావా అని అడిగి ఊరుకుంటే? ఏంటమ్మా, ప్రార్థన చెయ్యవూ?"

ఆవిడ కళ్లు మూసుకుంది. మూడు వందల మంది దగ్గర నీళ్లలా పారిన మాటల్లో ఒక్కటీ రాలేదు. ముసలాయనే "సరేలే, నేనే చేస్తాను. ప్రభువా, ఈ అమ్మకు ఒంట్లో బాగోనట్టుంది, చూడు" అన్నాడు. రెండు రోజులకు పోయాడు. ఆ వేళకు ఆవిడ డ్యూటీలో లేదు.

పందొమ్మిదేళ్లుగా దెబ్బ పడలేదేమిటా అని చూస్తూ వచ్చింది. పడకపోవడం కృప అనుకున్న రోజులున్నాయి, దేవుడు మరచిపోయాడనుకున్న రోజులున్నాయి. అది వదిలెయ్యడమేమో అని ఒక్క రోజూ తట్టలేదు. నరకం అంటే చచ్చిన తర్వాత పోయే చోటనే ఆవిడా అందరికీ చెప్పింది. బతికుండగానే, తెల్లబూట్లతో, పూలదండలతో, సంఘంలో ముందు వరసలో కూర్చుని కూడా అందులో ఉండొచ్చని ఎవరూ ఆవిడకు చెప్పలేదు.

రిటైరైన మూడో రోజున పాత ఆయా దగ్గర అడ్రసు కనుక్కుని పిచ్చుక దగ్గరికి వెళ్లింది.

పిచ్చుక ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తోంది. పొడుగాటి షెడ్డు, రెండు వైపులా బల్లలు, పైన ఇనప కమ్మీలకు వేలాడే తెల్లదుప్పట్లు, ఎటు చూసినా ఆవిరి. నలభై మూడేళ్ల మనిషి, జుట్టు సగం నెరిసింది, మోచేతి దాకా పాత కాలిన మచ్చలు. అయినా చూడగానే గుర్తుపట్టింది.

"అక్కా! మీరా? ఎన్నాళ్లకక్కా!" ఇస్త్రీపెట్టె నిలబెట్టేసి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "రండి, కూర్చోండి. ఇక్కడ కుర్చీలుండవు, ఈ మూట మీద కూర్చోండి. మెత్తగా ఉంటుంది, మహారాణిలా ఉంటారు." అదే గలగల. పెద్ద సిస్టరమ్మ దుప్పట్ల మూట మీద కూర్చుంది.

"బాగున్నావా?"

"బాగానే ఉన్నానక్కా. దేవుడు వదల్లేదు నన్ను. మీకు చెప్పాలి, మీకు కాక ఎవరికి చెప్తాను? రోజూ పొద్దున్నే లేచి ఆ పాప కోసం ఏడుస్తాను. మొదట్లో నేను కలిపినట్టు గుర్తే లేదనుకునేదాన్ని. తర్వాత తర్వాత అంతా గుర్తొచ్చింది. సీసా మెడ విరవడం, సిరంజిలోకి లాగడం, గాలిబుడగ తియ్యడం, అన్నీ. ఈ చేతులతోనే కదా అని ఏడ్చేదాన్ని. ఏడిస్తే తేలికయ్యేది. దేవుడు క్షమించాడని తెలుసు. అయినా పొద్దున్నే ఏడుపొస్తుంది, అదొక అలవాటు."

పెద్ద సిస్టరమ్మ ఇది ఊహించలేదు. పిచ్చుకకు నిజం తెలుసనీ, తెలిసీ భరించిందనీ, కోపంతోనో జాలితోనో ఎదురుచూస్తుంటుందనీ అనుకుంది. చెయ్యని పనిని చేసినట్టు గుర్తు కూడా తెచ్చుకుందని అనుకోలేదు.

"పిచ్చుకా," అంది. "నువ్వు కలపలేదు. ఆ రోజు నువ్వు మూడో బెడ్ దుప్పటి మారుస్తున్నావు. బల్ల దగ్గర నిలబడింది నేను. కలిపింది నేను. ఇచ్చింది నేను. డ్యూటీ నీదని చెప్పి ఊరుకున్నాను."

పిచ్చుక మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. వెనక్కి నడిచి ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపింది. దుప్పటి కాలకుండా పక్కకు జరిపింది. మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడింది.

"మళ్లీ చెప్పండి."

"నేనే కలిపాను."

"మరి నాకు గుర్తుందే! గాలిబుడగ తీసింది గుర్తుందే!"

"అది వేరే రోజుదై ఉంటుంది. రోజూ తీసేదానివి కదా."

చుట్టూ పనిచేస్తున్న ఆడవాళ్లు మాటలు ఆపేశారు. పిచ్చుక తన చేతులు తిరగేసి చూసుకుంది, ఎవరివో అన్నట్టు. నెమ్మదిగా అంది, ఈసారి 'మీరు' అనకుండా 'నువ్వు' అంటూ: "నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకో తెలుసా నీకు? నా చేతుల్లో పిల్లలు బతకరని. మా అన్న కూతురు పుడితే ఎత్తుకోలేదు. మూడేళ్లొచ్చేదాకా ముట్టుకోలేదు. అందరూ నాకు పొగరనుకున్నారు."

"తప్పు చేశాను."

"తప్పు చేశానని ఎంత తీరుబడిగా అంటున్నావు! పందొమ్మిదేళ్లు నీ పాపానికి నేనేడ్చాను. నీ వంతు ఎప్పుడక్కా?"

"ఏడుపు రావడం లేదే. మాస్టారు పోయినప్పుడు కూడా రాలేదు. అందుకే వచ్చాను."

"ఓహో. నా దగ్గరైతే వస్తుందని వచ్చావా? నన్ను చూసి కాస్త ఏడిచి పోదామని?" పిచ్చుక గొంతు చీలిపోయింది. "వెళ్లు. నా కళ్ల ముందు నుంచి వెళ్లు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని పెద్ద సిస్టరమ్మ తనను తాను గమనించుకుంది, రోగిని గమనించినట్టు. పిచ్చుక మోచేతి మచ్చలు గుర్తున్నాయి. గొంతు చీలిన చోటు గుర్తుంది. ఏదీ లోపలికి దిగలేదు. చెప్పేస్తే చాలు, కట్ట తెగినట్టు వచ్చేస్తుందనుకుంది. చెప్పినా రాలేదు.

అయినా మర్నాడు కూర్చుని ఉత్తరాలు రాసింది. ఆసుపత్రికి ఒకటి, నర్సుల రిజిస్టరు ఆఫీసుకు ఒకటి, సంఘానికి ఒకటి, పాప తల్లికి ఒకటి. డ్యూటీ అన్న మాట ఎక్కడా వాడకుండా, జరిగింది జరిగినట్టు రాసింది. ఊరు అట్టుడికిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని పోయినవాళ్ల బంధువుల్లో కొందరు, "మా నాన్నని ఆ చేతుల్లోనా పెట్టాం!" అని తలలు బాదుకున్నారు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని నవ్వినవాళ్లూ ఉన్నారు. విచారణకు పిలిచారు, వెళ్లింది. అడిగినవన్నీ ఒప్పుకుంది. పిచ్చుక పేరు మళ్లీ రిజిస్టరులో చేర్చారు. నలభై మూడేళ్ల వయసులో ఆ కాగితం పట్టుకుని ఆ మనిషి ఏం చేసుకుంటుందో ఎవరూ అడగలేదు.

పాప తల్లి బస్సులో కండక్టరు. డ్యూటీ దిగి, యూనిఫారంలోనే, భుజాన టికెట్ల సంచితోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆ చిన్న నర్సుని పందొమ్మిదేళ్లు తిట్టుకున్నాను," అంది. "ప్రార్థనలో కూడా తిట్టుకున్నాను. దాని కడుపు పండకూడదన్నాను. తప్పు మనిషిని తిట్టించావు నాతో."

పెద్ద సిస్టరమ్మ తల వంచుకుంది. "నన్ను తిట్టమ్మా. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు."

"నిన్ను తిట్టడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. ఆమె అడ్రసు ఇవ్వు."

ఇచ్చింది. ఆ తల్లి అటు నుంచి అటే లాండ్రీకి వెళ్లిందనీ, ఇద్దరూ ఆ షెడ్డులో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారనీ తర్వాత ఆయా చెప్పింది. పెద్ద సిస్టరమ్మ వింది. ఆ ఏడుపులో తనకు చోటు లేదని తెలుసు.

అయ్యగారు వచ్చారు. మెట్ల మీద ఎదురొచ్చిన ఆ పాస్టరుగారే, ఇప్పుడు ముసలాయన. కూర్చుని, "ఒప్పుకున్నావు కదమ్మా. దేవుడు క్షమిస్తాడు" అన్నారు.

"క్షమిస్తాడని తెలుసండీ అయ్యగారూ. ఆ మాట మూడు వందల మందికి నేనే చెప్పాను." ఆవిడ గొంతు ఎప్పట్లాగే నిలకడగా ఉంది. "వార్డుకి షుగరు రోగులు వచ్చేవాళ్లు. కాలిలో మేకు దిగినా తెలిసేది కాదు. మేకుతోనే వారం నడిచి, కుళ్లు వాసనొస్తే వచ్చేవాళ్లు. నొప్పి ఉన్న కాలునైతే బాగుచెయ్యొచ్చు. నాకు నొప్పి లేదండీ. తప్పని తెలుసు, పాపమని తెలుసు, అంతా పుస్తకంలో చదివినట్టు తెలుసు. దీనికన్నా చావు నయం. చచ్చినవాళ్లని ఆయన లేపుతానన్నాడు. నాలాంటిదాన్ని ఏం చేస్తానన్నాడు?"

అయ్యగారు లేచి వెళ్లబోతూ, "నిజంగా వదిలేసి ఉంటే, వదిలేశాడేమోనన్న భయం నీకు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?" అన్నారు. అది మంచి మాటో, తను రోగుల దగ్గర వాడే మాటల్లాంటిదో ఆవిడ తేల్చుకోలేకపోయింది. కానీ పారేయలేదు.

రెండేళ్లు ఒంటరిగా బతికింది. చర్చిలో ఆఖరి బెంచీలో కూర్చునేది. ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లేది కాదు. ప్రార్థన అంటే రోజుకు ఒక్క మాటే: "నొప్పి ఇవ్వు." అంతకు మించి ఏమీ అడిగేది కాదు. రోజూ అడిగేది, రోజూ ఏమీ జరిగేది కాదు.

తర్వాత పొట్టలో క్యాన్సరు వచ్చింది. తను పనిచేసిన ఆసుపత్రిలోనే చేర్చారు. ఒంటి నొప్పి వచ్చింది, ఆ నొప్పి కాదు. కొత్త నర్సులకు ఆవిడెవరో తెలుసు. పని చేసేవాళ్లు, మాట్లాడేవాళ్లు కాదు.

ఒక మధ్యాహ్నం, రోగులను చూడడానికి వచ్చేవాళ్ల వేళకి, పిచ్చుక వచ్చింది. స్టూలు మీద కూర్చుంది.

"నిన్ను క్షమించానో లేదో నాకు తెలీదు," అంది పిచ్చుక. "పొద్దున క్షమిస్తాను, సాయంత్రానికి మళ్లీ కోపం వస్తుంది. మళ్లీ పొద్దున మొదలెడతాను. నిన్ను చూడకుండా పోనిస్తే ఇక మొదలెట్టడానికి కూడా ఉండదని వచ్చాను."

"మంచిదే," అంది పెద్ద సిస్టరమ్మ.

"పొద్దున్నే ఏడుపు మాత్రం మానలేదు. ఇప్పుడు ఊరికే పాప కోసమే ఏడుస్తున్నాను. నా తప్పు మధ్యలో అడ్డం లేకపోయేసరికి పాప బాగా కనిపిస్తోంది." పిచ్చుక స్టూలు మంచానికి దగ్గరగా జరిపింది. "నీకు పాప గుర్తుందా అక్కా?"

"ఏడో బెడ్."

"బెడ్ కాదు. పాప."

పెద్ద సిస్టరమ్మ వెతుక్కుంది. ఏడో బెడ్, ఆరేళ్లు, జ్వరం తగ్గింది, పది గంటలు. మొహం రాలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మొహం తలుచుకోలేదని అప్పుడు తెలిసింది.

"ఆ పొద్దున జడ వేశాను దానికి," అంది పిచ్చుక. "ముందు పన్ను ఊగుతోంది. నాలికతో తోసి తోసి చూపిస్తోంది. ఇవాళ ఊడుతుంది సిస్టర్, ఊడితే ఎవరికివ్వాలి అని అడిగింది. నాకివ్వు, దాచిపెడతానన్నాను. కాసేపు ఆలోచించి, నీకొద్దు, నువ్వు వాగుతూ ఎక్కడో పారేస్తావు, తెల్లబూట్ల సిస్టర్‌కిస్తాను, ఆమె ఏదీ పారేయదు అంది."

పెద్ద సిస్టరమ్మ పెదవులు కదిలాయి. "నాకా?"

"నీకే. నువ్వు సూది తీసుకుని వస్తుంటే అందుకే నవ్వింది. నీకు చూపిద్దామని నోరు తెరిచింది. నేను మూడో బెడ్ దగ్గర నుంచి చూశాను."

అప్పుడు వచ్చింది ఆ మొహం. తెరిచిన నోరు, ఊగే పన్ను, జడ. తను "చెయ్యి కదపకు" అని మాత్రమే అని సిరంజి నొక్కడం. ముందు ఆవిడ నోట్లోంచి ఒక వింత చప్పుడు వచ్చింది, తుప్పు పట్టిన గడియ లాగినట్టు. తర్వాత ఒళ్లంతా ఎగిసిపడింది. పక్క మంచాలవాళ్లు తలలు తిప్పి చూశారు. నర్సు పరిగెత్తుకొచ్చి, "నొప్పి ఎక్కువైందా? ఇంజెక్షన్ ఇవ్వనా?" అంది.

"వద్దు," అంది పెద్ద సిస్టరమ్మ ఏడుపు మధ్యలో. "వద్దమ్మా. ఉండనివ్వు."

పిచ్చుక లేచి వెళ్లిపోదామనుకుంది, కానీ వెళ్లలేదు. చెయ్యి పట్టుకోలేదు. మంచం పట్టీ మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ ఏడ్చింది. పాప కోసం, మాస్టారి కోసం, పిచ్చుక ఎత్తుకోని అన్నకూతురి కోసం. మధ్యమధ్య "ప్రభువా" అనేది, ఆపైన మాట కలిసేది కాదు. విజిటర్లు వెళ్లాలని బెల్లు కొట్టాక పిచ్చుక ఆవిడ మొహం తడిబట్టతో తుడిచి వెళ్లింది.

నాలుగో రోజు పొద్దున పెద్ద సిస్టరమ్మ పోయింది. చివరి మూడు రోజులూ ఏడుస్తూనే ఉందనీ, భయపడుతున్నట్టు మాత్రం లేదనీ డ్యూటీ నర్సు చెప్పింది. సమాధికి ఎనిమిది మంది వచ్చారు. అయ్యగారు క్లుప్తంగా ముగించారు, ఆవిడ విశ్వాసం గురించి ఏమీ చెప్పలేదు. పాప తల్లి రాలేదు, రాలేదని ఎవరూ ఏమీ అనుకోలేదు. పిచ్చుక గుప్పెడు మట్టి వేసి, చేతులు కడుక్కుని, లాండ్రీలో మధ్యాహ్నం షిఫ్టుకు వేళవుతోందని బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.